స్టేడియం ఆర్చి మీద ఖాళీగా ఉన్న ఒక్క వరస: ఎవరి పేరు, ఎవరు పెట్టాలి, ఎన్నాళ్ళు ఉంటుంది?

గట్టుమీది_రాము · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్తే పొద్దున్నే మా ఇంటిముందు పంచాయితీ పెడతారు కాబట్టి చెప్పను. చెరువుగట్టు పక్కన మినీ స్టేడియం కట్టారు. స్టేడియం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒకవైపు ఆరు వరసల సిమెంటు మెట్లు, ఒక రేకుల షెడ్డు, బోరు, గేటు, గేటు మీద ఆర్చి. ఆర్చి కింది వరసలో "మున్సిపల్ మినీ స్టేడియం" అని రాయించారు. పై వరస ఖాళీ. ఆ ఖాళీ వరస కోసం మూడు నెలలుగా కొట్టుకుంటున్నారు.

ఒక పార్టీ వాళ్ళు తమ నాయకుడి పేరంటారు, ఆయన చనిపోయారు. ఇంకో పార్టీ వాళ్ళు వాళ్ళ నాయకుడి పేరంటారు, ఆయనా చనిపోయారు. మధ్యలో ఒక పెద్దమనిషి తన తండ్రి పేరు కోసం తిరుగుతున్నాడు. ఊళ్ళో మూడు తరాలకి కబడ్డీ నేర్పిన మాస్టారి పేరు పెట్టమని మేము నలుగురం అర్జీ ఇచ్చాం. దాన్ని ఎవరైనా చదివారో లేదో తెలీదు.

నా ప్రశ్న ఒకటే. ఇలాంటి వాటికి అసలు చట్టమేమైనా ఉందా? ఇవాళ తీర్మానం చేసి పెట్టిన పేరుని రేపు ఇంకొకళ్ళు వచ్చి పీకేయొచ్చా?

పాత_ఫైలు · శనివారం రాత్రి 10:15

రాము గారూ, నేను ప్రభుత్వ ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసి రిటైరైనవాణ్ణి. మీ రెండో ప్రశ్నకి ముందు జవాబు: పీకేయొచ్చు. నిక్షేపంగా.

ఇక చట్టం సంగతి. "రాజకీయ నాయకుల పేర్లు దేనికి పెట్టాలి, దేనికి పెట్టకూడదు" అని చెప్పే ఒకే ఒక్క చట్టం మనకి లేదు. దేన్ని ఏ కాగితం పుట్టించిందో, దాని పేరు ఆ కాగితంతోనే మారుతుంది. రాష్ట్ర యూనివర్సిటీని అసెంబ్లీ చట్టం పుట్టిస్తుంది, కాబట్టి దాని పేరు మార్చాలంటే మళ్ళీ అసెంబ్లీలో సవరణ బిల్లు, గవర్నరు సంతకం, గెజిట్. జిల్లా పేరైతే 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకి గడువిచ్చి మారుస్తారు, దానికి అసెంబ్లీ అక్కర్లేదు. ఎయిర్‌పోర్టుకి అసెంబ్లీ తీర్మానం చేసి పంపొచ్చు గానీ, ఆఖరి మాట ఢిల్లీది. క్రికెట్ అసోసియేషన్ వాళ్ళ స్టేడియమైతే వాళ్ళ ఇష్టం. మీ మినీ స్టేడియం కౌన్సిల్ తీర్మానం కిందికి వస్తుంది.

సవరణ బిల్లు అంటే ఏదో బండెడు కాగితం అనుకునేరు. పేరు మార్చే బిల్లు అంత పొట్టి బిల్లు ఇంకోటి ఉండదు. అసలు పని చేసేది ఒక్క వాక్యం: "ఫలానా పదాలు వచ్చిన ప్రతిచోటా ఫలానా పదాలు ఉంచవలెను." టైపిస్టుకి పావుగంట పని. ఆ పావుగంట పని మీద సభలో గంటలు గంటలు అరుచుకుంటారు.

బోర్డుల_బాబాయ్ · శనివారం రాత్రి 10:32

పావుగంట పని మీ టైపిస్టుకి సార్. మాకు మూడు రోజులు.

నాది సైన్‌బోర్డుల షాపు, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. గోడ మీద స్టీలు అక్షరాలు పీకడం ఎప్పుడైనా చూశారా? ఒక్కో అక్షరం వెనక మూడో నాలుగో స్టడ్లు ఉంటాయి, గోడలోకి డ్రిల్లు కొట్టి దిగేసి ఉంటాం. అక్షరం లాగితే ప్లాస్టరింగ్ ఊడొస్తుంది. పైగా అక్షరం కింద ఉన్న గోడకి ఎండ తగలదు, అక్కడ రంగు కొత్తగా ఉంటుంది. అక్షరం తీసేసినా దాని ఆకారం అలాగే కనపడుతుంది. పాత పేరు ఇంకాస్త స్పష్టంగా చదువుకోవచ్చు. పుట్టీ పెట్టి గోడ మొత్తం రంగు కొడితే తప్ప పోదు. దానికి మళ్ళీ వేరే టెండరు.

రేటు అంగుళం లెక్కన, అక్షరం లెక్కన. కాబట్టి పొడుగు పేరున్న నాయకుడంటే మాకు ప్రత్యేక అభిమానం. ముందు "డాక్టర్" అని, "స్వర్గీయ" అని తగిలిస్తే ఇంకా సంతోషం. బిల్లు ఎప్పుడిస్తారని మాత్రం అడక్కండి. ఒక ఆఫీసు వాళ్ళు బోర్డు వేయించుకున్నారు, బిల్లు పాసయ్యేలోపే ఆ పేరు మారిపోయింది. "లేని బోర్డుకి డబ్బులెలా ఇస్తాం" అన్నారు. ఏ ఆఫీసో చెప్పను, ఇంకా బాకీ రావాలి.

కృష్ణలంక_కుర్రోడు · శనివారం రాత్రి 10:50

బాబాయ్ 😂 మా బెజవాడ హెల్త్ యూనివర్సిటీ గుర్తొచ్చింది. ఎన్టీఆర్, వైఎస్సార్, మళ్ళీ ఎన్టీఆర్. ఇంగ్లీషులో రాస్తే రెండిటికీ మూడక్షరాలే, ఆఖర్న ఉన్న ఆర్ అలాగే ఉంచుకుని ముందు రెండే మారిస్తే సరిపోద్ది.

బోర్డుల_బాబాయ్ · శనివారం రాత్రి 10:53

ఆర్ మిగిలిందని బిల్లులో తగ్గిస్తామా ఏంటి బాబూ.

పాత_ఫైలు · శనివారం రాత్రి 11:20

నవ్వులాట బాగుంది గానీ, ఆ యూనివర్సిటీ కథ తెలీనివాళ్ళ కోసం వరసగా చెప్తాను. రాము గారి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

అంతకుముందు మెడికల్ కాలేజీలు ఒక్కోటి ఒక్కో యూనివర్సిటీ కింద ఉండేవి, ఆంధ్రా కింద కొన్ని, ఉస్మానియా కింద కొన్ని. వాటన్నిటినీ ఒక గొడుగు కిందికి తెచ్చి 1986లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం పెట్టారు. గమనించండి, అప్పుడు దాని పేరు "ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం" మాత్రమే. తను కట్టించిన దానికి తన పేరు పెట్టుకోలేదు. 1996లో ఆయన పోయాక, 1998లో చట్టం సవరించి ఆయన పేరు పెట్టారు. ఆ తర్వాత ముందు "డాక్టర్" కూడా చేరింది.

2004లో ప్రభుత్వం మారింది, పేరు మారలేదు. వైఎస్ రాజశేఖరరెడ్డి తను ముఖ్యమంత్రిగా ఉన్న అయిదేళ్ళూ ఆ పేరు జోలికి వెళ్ళలేదు. 2014 దాటింది, 2019 దాటింది. 2022 సెప్టెంబరులో అసెంబ్లీలో బిల్లు పెట్టి డాక్టర్ వైఎస్సార్ అని మార్చారు. ఆ రోజే అధికార భాషా సంఘం అధ్యక్ష పదవికి యార్లగడ్డ లక్ష్మీప్రసాద్ రాజీనామా చేశారు, గుర్తుండే ఉంటుంది. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారింది, మళ్ళీ బిల్లు, మళ్ళీ ఎన్టీఆర్.

ఇరవై నాలుగేళ్ళు ముగ్గురు నలుగురు ముఖ్యమంత్రుల చేతుల్లో కదలని పేరు, ఆ తర్వాత మూడేళ్ళలోపే రెండుసార్లు కదిలింది. ఆ రెండుసార్లూ అంతా చట్టప్రకారమే, ఒక్క కామా కూడా తేడా లేదు.

సీమ_సూరీడు · ఆదివారం ఉదయం 6:58

పాత ఫైలు సార్, మీరు చెప్పినవి నిజాలే గానీ తక్కెడ ఒకవైపు వంగింది. వైఎస్ వృత్తిరీత్యా డాక్టరు. ఆరోగ్యశ్రీ 2007లో తెచ్చింది ఆయనే. 108 కుయ్ కుయ్ మంటూ పల్లెల్లో తిరిగింది ఆయన హయాంలోనే. మా పెద్దనాన్నకి గుండె ఆపరేషన్ అయింది ఆ కార్డు మీదే, లేకపోతే రెండెకరాలు అమ్మేవాళ్ళం. ఆరోగ్యానికి సంబంధించిన యూనివర్సిటీకి డాక్టరు ముఖ్యమంత్రి పేరు పెడితే తప్పేంటి?

ఇంకో మాట. అదే ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు చేసినప్పుడు విజయవాడ జిల్లాకి ఎన్టీఆర్ పేరు పెట్టింది. దాన్ని ఎవరూ చెప్పరు.

కృష్ణలంక_కుర్రోడు · ఆదివారం ఉదయం 8:10

చెప్తాం అన్నా, ఎందుకు చెప్పం. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం ఎన్టీఆర్ జిల్లాలో లేదు, కృష్ణా జిల్లాలో ఉంది. అది కూడా చెప్పాలి కదా.

సీమ_సూరీడు · ఆదివారం ఉదయం 8:14

అది నిజమే 😅

సీమ_సూరీడు · ఆదివారం ఉదయం 8:31

కానీ మా కడప సంగతీ వినండి. 2009లో వైఎస్ పోయాక, 2010లో మా జిల్లాని "వైఎస్సార్ జిల్లా" చేశారు. కడప అన్న మాటే తీసేశారు. నేను ఆయన అభిమానిని, అయినా నాకు అది నచ్చలేదు. దేవుని కడప అంటారు, తిరుమల కొండకి గడప అని మా అవ్వ చెప్పేది. ఆ మాట తీసేసి మూడక్షరాలు పెడితే ఎట్లా? 2025లో "వైఎస్సార్ కడప" అని మళ్ళీ కలిపారు. మా పార్టీ వాళ్ళు నన్ను తిట్టుకున్నా సరే, ఆ రోజు నాకు ఊరు తిరిగొచ్చినట్టు ఉండింది. అయినా మధ్యలో పదిహేనేళ్ళు బస్సు బోర్డు మీద ఎవరు రాసినారు వైఎస్సార్ జిల్లా అని? "కడప, కడప, కడప" అనే అరిచినారు కండక్టర్లు.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 9:00

ఈ థ్రెడ్‌లో రాత్రి వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. నాయకుల్ని తిట్టుకోవడానికి ఇంటర్నెట్ అంతా ఖాళీగానే ఉంది, ఇక్కడ వద్దు. పేర్ల గురించి మాట్లాడండి.

మెమోల_సుధ · ఆదివారం ఉదయం 10:25

ఎవరి పేరు ఉండాలన్నది మీరు తేల్చుకోండి. నా బాధ వేరు. నేను చదువుతుండగా మా యూనివర్సిటీ పేరు మారింది. ఏ యూనివర్సిటీ అని అడగొద్దు, మన రెండు రాష్ట్రాల్లో పేరు మారినవి ఒకటి కాదు రెండు కాదు.

మా అమ్మ నా సర్టిఫికెట్లన్నీ ఒక నీలం ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి బీరువాలో చీరల కింద దాస్తుంది. అందులో మొదటి అయిదు మెమోల మీద ఒక పేరు, ఒక ముద్ర. తర్వాతి మూడు మెమోల మీద ఇంకో పేరు, ఇంకో ముద్ర. కన్సాలిడేటెడ్ మెమో, ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) కొత్త పేరుతో. కాలేజీ అదే, బెంచీ అదే, హాల్‌టికెట్ నంబరు కూడా అదే.

విదేశంలో ఉద్యోగానికి పెట్టుకున్నప్పుడు సర్టిఫికెట్లు సరిచూసే ఏజెన్సీ వాడు మెయిల్ పెట్టాడు: "మీరు మధ్యలో యూనివర్సిటీ మారినట్టుంది, ట్రాన్స్‌ఫర్ పత్రాలు పంపండి." నేను మారలేదు బాబూ, యూనివర్సిటీయే మారింది, అది కూడా మారలేదు, పేరు మారింది అని రాశాను. మళ్ళీ మెయిల్. చివరికి గెజిట్ పేజీ డౌన్‌లోడ్ చేసి, నోటరీ చేయించి, "ఈ రెండూ ఒకే సంస్థ" అని ఉత్తరం తెప్పించుకుని పంపాను. ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ ఆఫర్ ఎక్కడ పోతుందోనని టెన్షన్‌తో నిద్ర లేదు.

అసెంబ్లీలో ఎవరి పక్షాన ఎవరు మాట్లాడారో నేను చూడలేదు. "ఇప్పటికే చదువుతున్న పిల్లల కాగితాల మీద ఏ పేరుండాలి" అని ఒక్కళ్ళైనా అడిగారో లేదో తెలుసుకోవాలని మాత్రం ఉంది.

పాత_ఫైలు · ఆదివారం ఉదయం 11:05

అమ్మా సుధా, అడగాల్సిన ప్రశ్న అదే. పేరు మారినా పాత పేరుతో ఇచ్చిన డిగ్రీలు చెల్లుతాయి, చట్టపరంగా దానికి ఇబ్బంది లేదు. కానీ చెల్లడం వేరు, చెల్లుతుందని ఎక్కడో కూర్చున్న గుమాస్తాని ఒప్పించడం వేరు. ఆ రెండో పని మీ నెత్తిన పడింది.

మనకే కాదు ఈ తిప్పలు. లక్నోలో కింగ్ జార్జ్ మెడికల్ యూనివర్సిటీ ఉంది. మాయావతి వచ్చినప్పుడు ఛత్రపతి సాహూజీ మహరాజ్ పేరు, సమాజ్‌వాదీ వాళ్ళు వచ్చినప్పుడు మళ్ళీ కింగ్ జార్జ్. ఇలా అటూ ఇటూ తిరిగి 2012లో కింగ్ జార్జ్ దగ్గర ఆగింది. అక్కడ సాహూజీ మహరాజ్ పేరు వెనక బలమైన కారణమే ఉంది, అణగారిన కులాలకి రిజర్వేషన్లు ఇచ్చిన రాజు ఆయన. ఆ పేరుకి పోటీగా గెలిచింది ఎవరయ్యా అంటే ఇంగ్లండు రాజు. అంతకంటే ఏం చెప్పను.

పాలమూరు_అనిత · ఆదివారం మధ్యాహ్నం 12:40

మా తెలంగాణ ముచ్చట కూడా చెప్పుకోవాలి. నాంపల్లిలో తెలుగు యూనివర్సిటీ 1985లో వచ్చింది. 1998లో పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. 2025 మార్చిలో అసెంబ్లీలో బిల్లు తెచ్చి సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం చేశారు.

సురవరం మా పాలమూరు బిడ్డ. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, మూడొందల యాభైకి పైగా కవుల్ని వెతికి పట్టుకుని 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేసిన మనిషి. తెలుగు యూనివర్సిటీకి ఆయన పేరుకంటే సరిపోయే పేరు నాకైతే తట్టదు. మా నాన్న ఆ వార్త పేపర్‌లో కత్తిరించి దాచుకున్నారు. 1952లో వనపర్తి నుంచి ఎమ్మెల్యే కూడా అయ్యారు గానీ ఆయన్ని రాజకీయ నాయకుడని ఎవరూ అనుకోరు.

మరి సంతోషమేనా అంటే, సంతోషమే, కానీ ఒక ముల్లు ఉంది. శ్రీరాములు గారు 58 రోజులు అన్నం మానేసి ప్రాణం పెట్టిన మనిషి. కొత్త యూనివర్సిటీ కట్టి దానికి సురవరం పేరు పెడితే ఎవరికీ నొప్పి ఉండేది కాదు. ఉన్న పేరు తీసి పెట్టేసరికి ఇద్దరు పెద్దమనుషుల్ని తూకమేసినట్టయింది. బదులుగా చర్లపల్లి రైల్వే టెర్మినల్‌కి శ్రీరాములు పేరు పెట్టాలని కోరతామని ముఖ్యమంత్రి సభలోనే చెప్పారు. రైల్వే స్టేషన్ కేంద్రం చేతిలోది కాబట్టి "కోరతాం" అనే మాటే రాష్ట్రం దగ్గర ఉంది.

అదే 2024లో కోఠి మహిళా యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు పెట్టినప్పుడు చూడండి, ఎవరి పేరూ తీయలేదు. కిమ్మన్న వాళ్ళు లేరు.

వర్జీనియా_వెంకట్ · ఆదివారం రాత్రి 8:20

ఇక్కడి సంగతి కొంచెం. అమెరికాలో ఒక చిన్న పోస్టాఫీసుకి ఎవరిదైనా పేరు పెట్టాలంటే కాంగ్రెస్‌లో బిల్లు పాసై ప్రెసిడెంట్ సంతకం పెట్టాలి. ప్రతి కాంగ్రెస్‌లో ఇలాంటి బిల్లులు బోలెడు ఉంటాయి, చడీచప్పుడు లేకుండా పాసైపోతాయి. హ్యూస్టన్‌లో డ్యూటీలో ఉండగా కాల్చి చంపేసిన సందీప్ సింగ్ ధాలీవాల్ అనే సిక్కు డిప్యూటీ షెరీఫ్ పేరు ఒక పోస్టాఫీసుకి పెట్టింది ఇలాగే. ఇలాంటివి చూస్తే పద్ధతి బాగుందే అనిపిస్తుంది.

పెద్దవాటి దగ్గరికి వస్తే మనకి ఏమీ తీసిపోరు. మా ఇంటికి దగ్గర్లో వాషింగ్టన్ నేషనల్ ఎయిర్‌పోర్టు ఉంది. 1998లో చట్టం చేసి ముందు రోనాల్డ్ రేగన్ పేరు తగిలించారు. ఆయన అప్పటికి బతికే ఉన్నారు. మెట్రో వాళ్ళు స్టేషన్ బోర్డులు వెంటనే మార్చకపోతే 2001లో కాంగ్రెస్ మళ్ళీ చట్టంలో రాసి మరీ మార్పించింది! బాబాయ్ లాంటివాళ్ళకి అక్కడ కూడా పని దొరికింది. ఇప్పటికీ ఇక్కడి పాతవాళ్ళు "నేషనల్" అనే అంటారు, డెమోక్రాట్ అయితే మరీ పట్టుబట్టి అంటారు.

ఇక కెనడీ సెంటర్. అది 1958 చట్టంతో "నేషనల్ కల్చరల్ సెంటర్" పేరుతో మొదలైంది. కెనడీ హత్య తర్వాత రెండు నెలలకి, 1964 జనవరిలో చట్టంతోనే ఆయన పేరు పెట్టారు. 2025లో అందులోని ఒపేరా హౌస్‌కి ప్రెసిడెంట్ ట్రంప్ భార్య మెలానియా పేరు పెట్టాలని కాంగ్రెస్ దిగువసభ కమిటీలో సవరణ పాస్ చేశారు. డిసెంబరులో ఏకంగా ట్రస్టీల బోర్డు ఓటేసి కెనడీ పేరు ముందు ట్రంప్ పేరు చేర్చింది, మర్నాడే గోడ మీద అక్షరాలు ఎక్కించేశారు. చట్టంలో ఉన్నది కెనడీ పేరు కదా, దాన్ని మార్చే అధికారం బోర్డుకి ఎక్కడిది అని ఒక కాంగ్రెస్ సభ్యురాలు కోర్టుకెళ్ళారు.

ఈ లెక్కన మన అసెంబ్లీ వాళ్ళే నయం, బిల్లు పెట్టి మరీ మార్చారు.

బోర్డుల_బాబాయ్ · ఆదివారం రాత్రి 8:41

మర్నాడే అక్షరాలు ఎక్కించారా? అంటే ఓటుకి ముందే ఆర్డరిచ్చి ఉంటారు. ఆ సైజు అక్షరాలు ఒక్క రాత్రిలో కటింగ్ కావు. అనుభవంతో చెప్తున్నా.

హైదరాబాదీ_చాయ్ · ఆదివారం రాత్రి 9:30

ఇంత గొడవ పడతారు గానీ, జనం ఆ పేర్లు వాడతారా అని ఎవరైనా చూశారా? నేను రోజూ పొద్దున కేబీఆర్ పార్కులో నడుస్తాను. పోయిన వారం నాతో నడిచే కుర్రాళ్ళని అడిగాను, కేబీఆర్ అంటే ఎవరు అని. ఒకడు ఫోన్ తీశాడు. ఇంకొకడు "పార్కు పేరే కదా అంకుల్" అన్నాడు. కాసు బ్రహ్మానందరెడ్డి, ఏడేళ్ళు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి, మూడక్షరాలై పోయి చెట్ల మధ్య కూర్చున్నాడు. జలగం వెంగళరావు పార్కు జేవీఆర్. యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియం కోట్ల విజయభాస్కరరెడ్డిది, దాన్ని సినిమా ఫంక్షన్ల వాళ్ళు కేవీబీఆర్ అంటారు.

గచ్చిబౌలి స్టేడియం అసలు పేరు ఎంతమందికి తెలుసు? జీఎంసీ బాలయోగి. లోక్‌సభ స్పీకరు, 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. దేశానికి మొట్టమొదటి దళిత స్పీకరు. ఇప్పుడు ఆటో ఎక్కి బాలయోగి స్టేడియం అనండి, ఎక్కడా అని అడుగుతాడు. ఫతే మైదాన్ మాత్రం లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టాక ఎల్బీ స్టేడియంగా బాగా నాటుకుంది, ఎందుకో మరి.

కృష్ణలంక_కుర్రోడు · ఆదివారం రాత్రి 9:44

మా దగ్గర అయితే బందరు రోడ్డుకి అఫీషియల్ పేరు మహాత్మాగాంధీ రోడ్డు. ఏలూరు రోడ్డు పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు. గాంధీని, మార్క్స్‌ని కూడా బెజవాడ వాళ్ళు ఒప్పుకోలేదు, ఊరి పేర్లే ఒప్పుకున్నారు 😂 ఇందులో బందరు అన్నదీ మచిలీపట్నానికి ముద్దుపేరే.

వైజాగ్_అలలు · ఆదివారం రాత్రి 10:02

+1. వైజాగ్ క్రికెట్ స్టేడియానికి వైఎస్ రాజశేఖరరెడ్డి ఏసీఏ వీడీసీఏ స్టేడియం అని పేరు పెట్టారు. ధోనీ 2005లో పాకిస్తాన్ మీద 148 కొట్టింది అక్కడే. మేమెవరం అయినా అనేది "పీఎం పాలెం స్టేడియం" అనే. టీవీ వాళ్ళు పూర్తి పేరు చదివేలోపు ఒక ఓవర్ అయిపోతుంది.

పాలమూరు_అనిత · ఆదివారం రాత్రి 10:20

చాయ్ అన్నా, మీ మాట సగమే ఒప్పుకుంటాను. జనం వాడరు కాబట్టి పేరుకి విలువ లేదంటే ఎట్లా? బాలయోగి స్టేడియం అన్న బోర్డు చూసి ఏ అమలాపురం పిల్లాడో "ఈయన మా ఊరాయన" అని ఆగి చూస్తాడు కదా. సంజీవయ్య పార్కు ఉంది, దామోదరం సంజీవయ్య పేరు ఇవాళ్టి పిల్లలు విన్నది ఆ పార్కు వల్లే. మొదటి దళిత ముఖ్యమంత్రి అని పుస్తకంలో ఒక లైను ఉంటుంది, పార్కు అయితే ఎదురుగా ఉంటుంది. పేరు అవసరమైన వాళ్ళకి పేరు అవసరమే. మీదీ నాదీ లెక్క వేరు, ఎప్పుడూ బోర్డెక్కని వాళ్ళ లెక్క వేరు.

హైదరాబాదీ_చాయ్ · ఆదివారం రాత్రి 10:33

ఇది నేను ఆలోచించలేదు చెల్లే. నిజం.

సీమ_సూరీడు · సోమవారం ఉదయం 7:15

అయితే ఒక చట్టం తెస్తే పోలా? చనిపోయి పదేళ్ళు దాటినోళ్ళ పేర్లే పెట్టాలి, ఒకసారి పెట్టినాక పాతికేళ్ళు మార్చకూడదు, మార్చాలంటే సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అయిపోయింది.

పాత_ఫైలు · సోమవారం ఉదయం 9:50

సూరీడు గారూ, వినడానికి బాగుంది. చిక్కు ఎక్కడంటే, ఆ చట్టాన్ని కూడా మామూలు మెజారిటీతోనే చేస్తారు. మామూలు మెజారిటీతో చేసిన దాన్ని తర్వాత వచ్చినవాళ్ళు మామూలు మెజారిటీతో ఎత్తేస్తారు. ఒక అసెంబ్లీ రాబోయే అసెంబ్లీ చేతులు కట్టేయలేదు. పేరు మార్చే బిల్లుకి ముందు ఇంకో ఒక్క వాక్యం టైపు చేస్తారు, అంతే తేడా.

కోర్టులు చూసుకుంటాయిలే అనుకుంటే, అవి ఒక్కోసారి ఒక్కోలా చూశాయి. చారిత్రక ప్రదేశాల పేర్లు మార్చడానికి కమిషన్ వేయమని పిటిషన్ వేస్తే 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 ఆగస్టులో తమిళనాడు పథకానికి ముఖ్యమంత్రి స్టాలిన్ పేరు వాడారని కోర్టుకెళ్తే, దేశమంతటా ఇలాగే పెట్టుకుంటున్నారు, ఒక్కరినే ఎందుకు పట్టుకున్నారని కోర్టుకెళ్ళిన ఎంపీకే పది లక్షలు వేశారు. మరుసటి నెలలోనే అదే తమిళనాడు కరుణానిధి విగ్రహం సంగతి వస్తే, మాజీ నాయకుల్ని పొగడటానికి ప్రజల డబ్బెందుకని అడిగారు.

బతికున్నవాళ్ళ పేర్లు వద్దనేది మర్యాదే గానీ రూలు కాదు. అహ్మదాబాద్ మొతేరా స్టేడియానికి 2021 ఫిబ్రవరిలో నరేంద్ర మోదీ పేరు పెట్టినప్పుడు ఆయన ప్రధానిగా ఉన్నారు. అంతకుముందు దాని పేరు సర్దార్ పటేల్ స్టేడియం. పటేల్ పేరు చుట్టూ ఉన్న స్పోర్ట్స్ ఎన్‌క్లేవ్‌కి పెట్టారు.

నాకు తెలిసి నిలబడే పేర్లు రెండే రకాలు. ఒకటి, అవతలి పార్టీ వాడు కూడా చేయెత్తి ఒప్పుకున్నది. రెండోది, అప్పటిదాకా ఏ పేరూ లేనిదానికి పెట్టింది. రాము గారూ, మీది రెండో రకం. ఇంకా ఖాళీగానే ఉంది. మొదటిది కూడా కలిసొచ్చేలా చూసుకోండి.

మెమోల_సుధ · సోమవారం ఉదయం 10:12

చట్టం ఎవరైనా రాస్తే నా తరఫున ఒక్క లైను చేర్చండి. పేరు మారిన రోజుకి చేరి ఉన్న బ్యాచ్‌లకి చివరిదాకా పాత పేరుతోనే మెమోలు ఇవ్వాలి. ఇంకేం అడగను.

గట్టుమీది_రాము · శుక్రవారం రాత్రి 9:05

అందరికీ థాంక్స్. ఇవాళ కౌన్సిల్ మీటింగ్ అయింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

పేరు ఐటెం ఏడో నంబరు. మొదటి ఆరు అంశాలు పది నిమిషాల్లో అయిపోయాయి, అందులో తాగునీటి పైపులైన్ కూడా ఉంది. ఏడో నంబరు దగ్గర గంటా ఇరవై నిమిషాలు. ఒకాయన మైకు పట్టుకుని వాళ్ళ నాయకుడి చరిత్ర మొత్తం చదివారు, రెండో ఆయన లేచి వాళ్ళ నాయకుడి చరిత్ర చదివారు. మా అర్జీ కూడా చదివారు, నాకే ఆశ్చర్యం. కబడ్డీ మాస్టారి పేరు వినగానే రెండు వైపులా కొంతమంది నవ్వారు, ఎగతాళిగా కాదు, మాస్టారి చేతిలో తన్నులు తిన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ ఉన్నారు. ఒక కౌన్సిలర్ అయితే మోకాలి మీద మచ్చ చూపించారు.

పాత ఫైలు గారు చెప్పింది గుర్తుపెట్టుకుని, మీటింగ్ అయ్యాక రెండు వర్గాల వాళ్ళనీ విడివిడిగా కలిశాను. "మీది పెడితే వాళ్ళు తీస్తారు, వాళ్ళది పెడితే మీరు తీస్తారు, మాస్టారిది ఎవరు తీస్తారు" అన్నాను. ఒకాయన "చూద్దాంలే" అన్నారు. ఇంకో ఆయన "ముందు ఆ తండ్రి పేరు ఆయన్ని ఒప్పించు, తర్వాత రా" అన్నారు.

చివరికి ఐటెం వాయిదా. వచ్చే నెల మళ్ళీ.

బాబాయ్, మాస్టారి పేరు తెలుగులో పదకొండు అక్షరాలు, ఇంటిపేరుతో కలిపి. అడుగు ఎత్తు స్టీలు అక్షరాలకి ఎంతవుతుందో ఒక అంచనా చెప్తారా? మేం నలుగురం చందా వేసుకుంటాం.

బోర్డుల_బాబాయ్ · శుక్రవారం రాత్రి 9:22

ఆర్చి కాంక్రీటా, రేకా? ముందు అది చెప్పు బాబూ. ఒక ఫొటో తీసి పెట్టు, పగలు తీయి. స్టీలు కాకపోతే ఏసీపీ షీటు (పల్చటి అల్యూమినియం పలక) మీద యాక్రిలిక్ అక్షరాలు వేద్దాం, సగంలో అయిపోతుంది. ఎండకి నాలుగైదేళ్ళు ఉంటుంది.